సముద్రం ఒడ్డునే ఉన్న ఆకుకప్పు కబానాల్లో పిల్లలతో, పెద్దవాళ్లతో బస చేయవచ్చా?

ప్రశ్న
రాసినవారు: తీరయాత్రికురాలు

అందరికీ నమస్కారం. రాబోయే సెలవుల్లో మా కుటుంబమంతా కలిసి సముద్రం ఒడ్డున కొన్ని రోజులు ఉండాలనుకుంటున్నాము. నేను, మా వారు, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, నాలుగేళ్ల మా అబ్బాయి, డెబ్బై దాటిన మా అత్తగారు, మామగారు కలిసి ఆరుగురం. మేము చూసిన బసల్లో నాకు బాగా నచ్చినది ఒక చిన్న కబానా హోటల్. ఇసుకలో కర్ర గుంజలు నాటి, చెక్క పలకలతో నేల వేసి, పైన ఆకులతో కప్పిన గదులు అక్కడ రెండు వరుసల్లో ఉన్నాయి. ముందు వరుస గదుల మెట్లు దిగితే కొద్ది అడుగుల్లోనే అలలు. ఏసీ లేదు, సౌర విద్యుత్తు మాత్రమే ఉంది, మంచాలకు దోమతెరలు ఉన్నాయి, కొన్ని గదులకు స్నానాలగది బయట ఉంది.

మా వారు మామూలు హోటలే మేలంటున్నారు. పిల్లలు సముద్రానికి ఇంత దగ్గరగా కొన్ని రాత్రులు గడపాలని నాకు ఎంతో కోరికగా ఉంది. అయితే ఆ కోరికతో పిల్లల భద్రతను, పెద్దవాళ్ల సౌకర్యాన్ని పక్కన పెట్టలేను. ఇలాంటి చోట్ల కుటుంబంతో ఉన్నవారు, ఈ పని తెలిసినవారు చెప్పండి: గది ఖాయం చేసుకునే ముందు మేము ఏయే విషయాలు అడిగి తెలుసుకోవాలి? ముందు వరుస గది తీసుకోవచ్చా?


జవాబు
రాసినవారు: అలలచూపు

అమ్మా, తీరాల్లో ప్రాణరక్షకులకు శిక్షణ ఇచ్చే పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కనుక మీ ప్రశ్నలో సముద్రానికి సంబంధించిన భాగానికే జవాబు చెబుతాను. గదుల సంగతి తెలిసినవారు వాటి గురించి రాస్తారు. నాలుగేళ్ల పిల్లవాడితో వెళ్లేటప్పుడు కబానా కంటే ముందు దాని ఎదుట ఉన్న నీటిని ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. గదిలో లోపం ఉంటే ఒక రాత్రి ఓర్చుకోవచ్చు, సర్దుకోవచ్చు. ఎదుట ఉన్న నీరు ప్రమాదకరమైనదైతే అక్కడ ఉన్నన్నాళ్లూ మీకు మనశ్శాంతి ఉండదు.

మొదట ఒడ్డు వాలు అడగండి. ఇసుక నిటారుగా నీటిలోకి దిగిపోయే చోట పెద్ద కెరటాలు చివరిదాకా వచ్చి, నేరుగా ఇసుక మీదే విరుచుకుపడతాయి. మోకాలి లోతు నీటిలో నిలబడిన పెద్దవాళ్లను కూడా అవి ఎత్తి పడవేయగలవు, మెడకూ వెన్నుకూ గాయాలు కలిగే అవకాశం అక్కడే ఎక్కువ. ఒడ్డు తక్కువ వాలుతో, చాలా దూరం వరకు సమంగా ఉంటే కెరటాలు దూరంగానే విరిగి, నురగగా మారి, బలం తగ్గాక పిల్లల పాదాల దగ్గరికి వస్తాయి. పగడపు దిబ్బో రాతి వరుసో ముందు అడ్డుగా ఉన్న తీరమైతే నీరు ఇంకా నెమ్మదిగా ఉంటుంది. హోటల్ వారు పంపే ఛాయాచిత్రాలు తరచుగా ఉదయం గాలి లేనప్పుడు తీసినవి అయి ఉంటాయి కనుక, మధ్యాహ్నం గాలి వీచే వేళ తీసిన ఒక వీడియో పంపమని అడగండి.

రెండవది రిప్ కరెంట్. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఇసుక దిబ్బల మధ్య ఒక సన్నని దారి చేసుకుంటుంది, ఆ దారిలో నీరు వేగంగా లోపలికి లాగుతుంది. పిల్లలకు ఇది ఎందుకు ప్రత్యేకంగా ప్రమాదమంటే, రెండు పక్కలా అలలు విరుగుతుండగా మధ్యలో అలలు లేని ఆ భాగమే ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివారు అక్కడే సురక్షితమనుకుని దిగుతారు. నీటి రంగు కాస్త ముదురుగా ఉండటం, నురగ, నాచు, ఇసుక కలిసిన నీరు ఒడ్డు నుంచి లోపలికి కదలడం దాని గుర్తులు. అది సెకనుకు 2 మీటర్లకు మించిన వేగంతో కూడా లాగగలదు, ఆ వేగానికి ఎదురీదడం ఒలింపిక్ ఈతగాళ్ల వల్ల కూడా కాదు. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీదకుండా, నీటి మీద తేలుతూ, చెయ్యి ఎత్తి పిలుస్తూ, లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ తరువాత అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు కంగారుపడి నీటిలోకి దూకకుండా తేలే వస్తువేదైనా విసరాలి. కాపాడబోయినవారే మునిగిపోయిన ఘటనలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. మీ అమ్మాయికి తొమ్మిదేళ్లు కనుక ఇదంతా ఒడ్డున కూర్చోబెట్టి, నీటి వైపు చూపిస్తూ చెబితే చక్కగా అర్థమవుతుంది.

ఎర్ర, పసుపు రంగులు కలిసిన జెండాల మధ్య భాగాన్ని ప్రాణరక్షకులు కాపలా కాస్తున్నారని అర్థం. ఎర్ర జెండా ఒక్కటే ఉంటే నీరు ప్రమాదకరంగా ఉందని, రెండు ఎర్ర జెండాలు ఉంటే నీటిలో దిగడం నిషేధమని తెలుసుకోవాలి. చిన్న కబానా హోటళ్లున్న మారుమూల తీరాల్లో చాలాచోట్ల జెండాలూ ఉండవు, రక్షకులూ ఉండరు. అలాంటప్పుడు ఆ పని మీ కుటుంబంలో ఒకరు చేయాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ పెద్దవారిలో ఒకరు, చేయి చాచితే అందే దూరంలో, ఫోన్ లేకుండా, పుస్తకం లేకుండా వాళ్లనే చూస్తూ ఉండాలి. పావుగంటకోసారి మనిషి మారండి, మారేటప్పుడు ‘ఇప్పటి నుంచి నేను చూస్తాను’ అని నోటితో చెప్పండి. మునిగిపోయే పిల్లలు అరవరు, చేతులు ఊపరు, నీరు మింగుతూ చప్పుడు లేకుండా కిందికి వెళ్తారు. ‘అరుపు వినిపిస్తే పరుగెత్తవచ్చు’ అన్న ధైర్యం ఎవరికీ పనికిరాదు.

ఇక ఆటుపోట్లు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అందువల్ల పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు అన్నిటికంటే పైకి వస్తుంది. మీ సెలవులు ఆ రోజుల్లో పడుతుంటే, ముందు వరుస గది మెట్ల దాకా నీరు వస్తుందా అని సూటిగా అడగండి. అక్కడికి చేరాక ఇసుక మీద ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు గీతలా పేరుకున్న చోటు చూస్తే నీరు ఎంతవరకు వచ్చి పోయిందో మీకే తెలుస్తుంది. మీ గది ఆ గీతకు చాలా ఎగువన ఉండాలి.

చివరిగా ఒక మాట, భయపెట్టడానికి చెప్పడం లేదు. 2004 డిసెంబర్ 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో పదేళ్ల బ్రిటిష్ బాలిక ఒకరు, సముద్రం వింతగా నురగలు కక్కడం చూసి, బడిలో భూగోళ పాఠంలో విన్న సునామీ లక్షణం అదేనని గుర్తించి తల్లిదండ్రులకు చెప్పడం వల్ల ఆ తీరంలో ఉన్నవారు సకాలంలో పైకి వెళ్లగలిగారు. భూమి గట్టిగా గానీ ఎక్కువసేపు గానీ కంపించినా, నీరు ఒక్కసారిగా చాలా వెనక్కి పోయినా, సముద్రం నుంచి పెద్ద హోరు వినిపించినా, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి నడవాలి. మొదటి సాయంత్రమే ఆ ఎత్తైన చోటు ఎక్కడుందో, మీ మామగారి నడకకు అక్కడికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి.


జవాబు
రాసినవారు: ఆకుకప్పు

ఇలాంటి కబానాల నిర్వహణ నేను కొంతకాలం చూశాను కాబట్టి గదుల విషయం చెబుతాను. అవి బాగుంటాయా, బాగుండవా అన్నది నిర్వాహకుల శ్రద్ధ మీదే ఆధారపడుతుంది. కప్పు వయసు అడిగితే ఆ శ్రద్ధ కొంత తెలిసిపోతుంది. ఆకుకప్పు ఏటవాలుగా, దట్టంగా, ఒక వరుస మీద మరొక వరుస కప్పుతూ ఉంటే వాననీరు లోపలికి దిగకముందే జారిపోతుంది. వాలు తక్కువైన కప్పు, ఏళ్ల తరబడి మార్చని కప్పు కారుతుంది, పురుగులు కూడా చేరతాయి. చివరిసారి కప్పు ఎప్పుడు మార్చారని అడిగితే మంచి నిర్వాహకులు వెంటనే చెబుతారు.

గాలి సంగతి చాలామందికి తెలియదు. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కడం వల్ల సముద్రం మీది చల్లని గాలి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి, గాలి తిరగబడి, నేల నుంచి సముద్రం వైపు నెమ్మదిగా వీస్తుంది. ఈ మార్పు జరిగే సాయంత్రపు వేళ కొంతసేపు గాలి ఆగిపోతుంది, దోమలూ, ఇసుక దగ్గర పుట్టే అతి చిన్న కుట్టుడు ఈగలూ సరిగ్గా అప్పుడే పైకి లేస్తాయి. ఆ ఈగలు మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరగలవు, కానీ అవి బలంగా ఎగరలేవు. మంచం మీదికి వీచే ఒక ఫ్యాన్ ఉంటే చాలావరకు దగ్గరికి రావు. అందుకని రాత్రంతా ఫ్యాన్ తిరుగుతుందా, లేక బ్యాటరీ అయిపోయి తెల్లవారుజామున ఆగిపోతుందా అన్నదే మీరు కరెంటు గురించి అడగవలసిన అసలు ప్రశ్న. సౌర విద్యుత్తు ఉన్న చోట దీపాలు, ఫ్యాన్లు, ఫోన్ల చార్జింగ్ వరకు ఇబ్బంది ఉండదు. నీళ్లు కాచే కెటిల్, జుట్టు ఆరబెట్టే యంత్రం వంటివి అక్కడ నడవవు.

దోమతెర అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి. పిల్లలిద్దరూ తల్లిదండ్రులతో కలిసి పడుకుంటే తెర చాలదు, వాళ్ల కాళ్లు తెరకు ఆనిన చోట దోమ బయటి నుంచే కుడుతుంది. వాళ్లకు వేరే మంచం, వేరే తెర అడగండి. ఒంటికి రాసే దోమల మందుల్లో నిమ్మ యూకలిప్టస్ తైలం ఉన్నవి మూడేళ్ల లోపు పిల్లలకు వాడకూడదంటారు. మీ అబ్బాయికి నాలుగేళ్లు నిండాయి కనుక ఆ ఇబ్బంది లేదు, అయితే వాడి అరచేతులకు రాయకండి, అవి నోట్లోకీ కళ్లలోకీ వెళ్తాయి.

నిప్పు విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త చెప్పినా తక్కువే. ఆకుకప్పు గదిలో కొవ్వొత్తి, దోమల చుట్ట, నూనె దీపం వెలిగించవద్దు. అలా వెలిగించుకోవడానికి నిర్వాహకులే ఇస్తున్నారంటే ఆ చోటు వదిలేయండి. రీచార్జి చేసే లాంతర్లు రెండు తీసుకెళ్లండి. మంటలార్పే పరికరం ఏ గదికి ఎంత దూరంలో ఉందో అడగండి, ఒకే ఒక తలుపు ఉన్న గది కంటే రెండవ తలుపో, పెద్దవాళ్లు దాటగలిగేంత కిటికీయో ఉన్న గది తీసుకోండి.

నీళ్లు కూడా అడగాలి. తీరపు బావుల్లో నీరు తరచు ఉప్పగా ఉంటుంది, స్నానానికి అది పరవాలేదు గానీ తాగడానికి వేరే నీరు ఎంత ఇస్తారో, ఎక్కడి నుంచి తెస్తారో తెలుసుకోండి. తినే పదార్థాలు మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టకపోతే చీమలు, ఎలుకలు గదిలోకి వస్తాయి. గోడలు తడికలైతే పక్క గది మాటలన్నీ వినిపిస్తాయి, మీ అబ్బాయి రాత్రి ఏడిస్తే వాళ్లకూ వినిపిస్తుంది. అందుకే కుటుంబాలకు నేను ఎప్పుడూ చివరి గదులు ఇచ్చేవాణ్ణి. కొబ్బరి చెట్ల కింద ఉన్న గది అయితే కాయలు దింపారా అని అడగడం మరచిపోకండి.


జవాబు
రాసినవారు: నలుగురితోడు

మేము పిల్లలు చిన్నగా ఉన్నప్పటి నుంచి ఇలాంటి చోట్లకు వెళ్తున్నాము. పైన ఇద్దరూ రాసినది విలువైనదే, కానీ అదంతా చదివి మీరు వెనకడుగు వేస్తారేమోనని రాస్తున్నాను. పెద్ద హోటల్లో పిల్లలు టీవీ దగ్గరా, లిఫ్ట్ దగ్గరా గడుపుతారు. కబానాలో తలుపు తీస్తే ఇసుక, రోజంతా పని కల్పించే ఇసుక. మా పిల్లలకు చీకటిలో సముద్రం హోరు మొదటి రాత్రి నిద్ర పట్టనివ్వలేదు, తరువాతి రాత్రుల్లో అదే వాళ్లను నిద్రపుచ్చింది. తాత, అమ్మమ్మ, మనవలు ఒకే వరండాలో గంటల తరబడి కూర్చుని మాట్లాడుకునే అవకాశం మాకు ఇంకెక్కడా దొరకలేదు. అందుకని నేను ముందు వరుస గదినే తీసుకోమంటాను. మీ అత్తగారు, మామగారు నీటి దాకా నడవకపోయినా వరండాలోంచి పిల్లలను చూస్తూ ఉండవచ్చు.

ఎండ విషయం మాత్రం ముందే నిర్ణయించుకోండి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు అతినీలలోహిత కిరణాల తీవ్రత ఎక్కువ. గొడుగు కింద కూర్చున్నా పూర్తి రక్షణ ఉండదు, ఎందుకంటే పొడి ఇసుక ఆ కిరణాల్లో సుమారు 15 శాతం, నురగ సుమారు 25 శాతం తిప్పికొడతాయి. పొడుగు చేతుల ఈత దుస్తులు వేసి, మెడ కప్పే టోపీ పెట్టి, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారీ నీటిలోంచి వచ్చిన ప్రతిసారీ తిరిగి రాయండి. మేము పొద్దున్నే నీటిలో దిగి, ఎండ ముదరకముందే గదికి వచ్చి, మధ్యాహ్నం నిద్రపోయి, సాయంత్రం మళ్లీ ఒడ్డుకు వెళ్లేవాళ్లం.

ఇసుకలో పిల్లలు తవ్వే గుంత వాళ్ల మోకాలి లోతు దాటకుండా చూడండి. లోతైన గుంత గోడలు ఒక్కసారిగా కూలి, లోపల ఉన్న పిల్లలను కప్పేస్తాయి, తడి ఇసుక బరువును చేతులతో తొలగించడం ఎంతో కష్టం. రాత్రి ఎవరైనా ఒడ్డున మంట వేసుకుని, దాని మీద ఇసుక పోసి వెళ్లిపోతే ఆ నిప్పులు మరునాటి వరకు లోపల వేడిగానే ఉండవచ్చు, పైకి ఏమీ కనిపించదు. ఒట్టి కాళ్లతో పరుగెత్తే పిల్లలకు ఇలా కాలిన గాయాలు కావడం నేను చూశాను. మంట వేస్తే నీళ్లు పోసి ఆర్పాలి, ఇసుక పోసి కాదు.

తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే రాత్రి ఒడ్డు వైపు దీపాలు ఆర్పేయండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు అన్నిటికంటే వెలుతురుగా ఉన్న దిక్కుకు నడుస్తాయి, వరండా దీపం ఉంటే సముద్రాన్ని వదిలి దాని వైపు వస్తాయి. పిల్లలు తవ్విన గుంతలు కూడా సాయంత్రానికి పూడ్చించండి, వాటిలో తల్లి తాబేళ్లు చిక్కుకుంటాయి. మా పిల్లలు ఈ పనిని ఎంతో బాధ్యతగా చేసేవారు.


జవాబు
రాసినవారు: అలలచూపు

పై మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించలేను. వరండాలోంచి చూడటం కాపలా కాదు. డెబ్బై దాటినవారు మెట్లు దిగి, ఇసుకలో నడిచి నీటిని చేరేలోపు చాలా ఆలస్యమవుతుంది. పైగా ముందు వరుస గదితో ఉన్న అసలు చిక్కు రాత్రిది, తెల్లవారుజాముది. పెద్దవాళ్లు నిద్రలో ఉండగా నాలుగేళ్ల పిల్లవాడు తానే గడియ తీసుకుని మెట్లు దిగగలడు. రెండవ వరుస గది తీసుకోండి. ఏ వరుసైనా తలుపుకు పిల్లలకు అందని ఎత్తులో గడియ ఉందా అని అడగండి, ఉప్పు గాలికి తుప్పు పట్టి సరిగా పడని గడియలు తీరాల్లో సాధారణం కాబట్టి చేరగానే వేసి, తీసి చూడండి.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: తీరయాత్రికురాలు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండవ వరుస అన్న సలహా మా వారికీ నాకూ ఇద్దరికీ నచ్చింది. గడియ సంగతి మాకు తట్టనే లేదు.

మరో విషయం అడగాలి. మా మామగారు ఇన్సులిన్ తీసుకుంటారు, పాదాల్లో స్పర్శ కొంత తగ్గిందని డాక్టరు చెప్పారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఫ్రిజ్ గదిలో లేదు, వంటగదిలో మాత్రమే ఉందట.


జవాబు
రాసినవారు: మందులపెట్టె

నేను నర్సుగా పని చేస్తున్నాను. ఇంకా తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక దాన్ని వంటగది ఫ్రిజ్‌లో, పేరు రాసిన డబ్బాలో పెట్టించండి. ఆ ఫ్రిజ్ రాత్రంతా నడుస్తుందా అని తప్పక అడగండి. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌ను, చాలా రకాల విషయంలో, 28 రోజుల వరకు బయట ఉంచవచ్చు, కానీ ఆ చోటు 30 డిగ్రీలు దాటకూడదు. మీ మందుతో వచ్చిన కాగితంలో దాని హద్దు ఉంటుంది, అదే పాటించండి. ఏసీ లేని గది మధ్యాహ్నం ఆ హద్దు దాటవచ్చు. నీటిలో తడిపి వాడే చల్లని సంచులు నీరు ఆవిరి కావడం వల్లనే చల్లబడతాయి కాబట్టి తేమ నిండిన తీరపు గాలిలో పొడి ప్రదేశాల్లో పని చేసినంత బాగా చేయవు. మూత ఉన్న థర్మోస్ డబ్బాలో, గుడ్డ చుట్టిన చల్లని ప్యాక్ పక్కన పెట్టడం మేలు. మంచుగడ్డకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

పాదాల విషయం నన్ను మందు కంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. ఎండలో ఇసుక పాదాలను కాల్చేంత వేడెక్కుతుంది. స్పర్శ తగ్గినవారికి ఆ వేడి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. మీ మామగారు ఒడ్డున, నీటిలో, గదిలో కూడా ఒట్టి పాదాలతో నడవకూడదు. మడమ వెనుక పట్టీ ఉన్న, నీటిలో తడిసినా పరవాలేని మూసిన చెప్పులు కొనండి, రోజూ రాత్రి లాంతరు వెలుతురులో ఆయన అరికాళ్లు మీరో మీ వారో చూడండి. గవ్వ గీసుకున్న చిన్న గాయమైనా శుభ్రంగా కడిగి, ఎర్రబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. దగ్గరలోని ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి వాహనం దొరుకుతుందో ముందే తెలుసుకోండి. అది దొరకని చోటికి మాత్రం వెళ్లవద్దంటాను.

మీ అత్తగారికి మెత్తని పొడి ఇసుకలో నడక కష్టం, నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక మీద సులువు. గది నుంచి చెక్క పలకల దారి వేసి ఉంటే చాలా మేలు. స్నానాలగది గదికి ఆనుకుని ఉండాలి, కమోడ్ ఉండాలి, మెట్లకు పట్టుకోవడానికి కర్ర ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా వాళ్లిద్దరికీ వేరే గది చూడండి.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: తీరయాత్రికురాలు

నిర్వాహకులతో ఈ రోజు మాట్లాడాను. ఒడ్డు వాలు తక్కువగానే ఉందని చెప్పి మధ్యాహ్నపు వీడియో కూడా పంపారు, అందులో అలలు దూరంగా విరుగుతున్నాయి. కప్పు కిందటి ఏడాది మార్చారట. ఫ్యాన్ తెల్లవార్లూ తిరుగుతుంది, వంటగది ఫ్రిజ్‌కు జనరేటర్ ఉంది. రెండవ వరుసలో చివరి రెండు గదులు పక్కపక్కనే ఉన్నాయి, వాటిలో ఒకదానికే స్నానాలగది లోపల ఉంది కాబట్టి అది అత్తగారికీ మామగారికీ తీసుకున్నాము. మెట్లకు పట్టుకునే కర్ర లేదన్నారు గానీ మేము వెళ్లేలోపు వేయిస్తామని ఒప్పుకున్నారు, వేశాక ఫోటో పంపమని అడిగాను. గడియ గురించి అడిగితే పై గడియ లేదన్నారు, అందుకని మా వారు ఒకటి కొని వెంట తెస్తున్నారు, బిగించడానికి వాళ్లు అనుమతించారు. ఆసుపత్రి అరగంట దూరంలో ఉంది, రాత్రి కూడా వాహనం హోటల్లోనే ఉంటుందట. పౌర్ణమి దాటిన వారానికి వెళ్లేటట్టు తేదీలు మార్చుకున్నాము.